మా అత్త చేతి బూడిద

మా అన్న రాసిన నవలలో మా మేనత్త చచ్చిపోతుంది. మూడో భాగం చివర, ముసురు పట్టిన ఒక పొద్దున, ఊరి బయటి బావిలో. శవాన్ని పైకి తీసేసరికి ఆమె కుడిచేతి వేళ్ళకు ఇంకా బూడిద అంటుకొనే ఉంటుంది. అంతసేపు నీళ్ళలో నానిన మనిషి వేళ్ళకు బూడిద ఎట్లా మిగిలిందని ఒక్క విమర్శకుడూ అడగలేదు. అందరూ కంటతడి పెట్టుకున్నారట.

ఆ పేజీ నేను చదువుతున్నప్పుడు మా అత్త వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ, టీవీలో కోడల్ని రాచిరంపాన పెడుతున్న ఒక అత్తగారిని నోటికొచ్చినట్టు తిడుతోంది. "దీని నోట్ల మన్నుబడ" అంటోంది. నేను పుస్తకం మూసి ఆమె దిక్కే చూస్తూ కూర్చున్నాను.

"ఏంది బిడ్డా, గట్ల జూస్తున్నవు? టీవీ సప్పుడు ఎక్కువైందా?" అని అడిగింది.

ఏం చెప్పను? నిన్ను చంపేశారత్తా అని చెప్పనా? ఏమీ లేదన్నాను. ఒళ్ళు మాత్రం అప్పుడే మండడం మొదలైంది. ఇప్పటికీ చల్లారలేదు.

మాది గద్వాలలో నేతపని ఇల్లు. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో అత్తా నేనూ మిగిలాం. నేను రోజూ బస్సులో వనపర్తికి పోయి బడిలో తెలుగు పాఠం చెప్పి, సాయంత్రానికి తిరిగి వస్తాను. మా అన్న హైదరాబాదులో ఉంటాడు. ఎప్పుడో పండుగకో పబ్బానికో వస్తాడు. వచ్చినప్పుడల్లా మగ్గం గుంత పక్కన నిలబడి ఫోటో దిగుతాడు.

అత్త అంటే నాన్న చెల్లెలు. నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెకు ఇచ్చారు. మామ ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఈమె ఏడవలేదు, పంచాయితీ పెట్టలేదు. తన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని బస్సెక్కి వచ్చేసింది. ఎవరైనా "మొగడు ఇడిసిపెట్టిండా?" అని అడిగితే ఇప్పటికీ అంతెత్తున లేస్తుంది. "ఆడు ఇడుసుడేంది? నేనే ఇడిసిపెట్టొచ్చిన" అంటుంది.

మమ్మల్ని పెంచింది ఆమే. నాన్న మగ్గం మీద, అమ్మ రాట్నం ముందు పొద్దస్తమానం కూర్చునేవాళ్ళు కనుక మా తలలు దువ్వడం, ముక్కులు తుడవడం, వీపు మీద రెండు వేయడం అన్నీ అత్త పనులే. శ్రీరంగాపూర్ జాతరకు మా ఇద్దరినీ చెరొక చేత్తో పట్టుకొని తీసుకుపోయి, మిరపకాయ బజ్జీలు తిని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే నవ్వుతూ, ఇంకో పొట్లం కట్టమనేది. సినిమా హాల్లో విలన్ కనబడగానే కాలి చెప్పు చేతిలోకి వచ్చేది. ఆమె నవ్వితే వీధి చివర ఉన్నవాళ్ళకు తెలిసేది. నవలలోని అత్త నవ్వదు. మొదటి పేజీ నుంచి బావి దాకా ఒక్కసారి కూడా నవ్వదు. అంత మనిషిని పట్టుకొని అంత ఏడుపుముఖం ఎట్లా అతికించాడో మా అన్నకే తెలియాలి.

గద్వాల చీర సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట. చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొంగు దగ్గరికి వచ్చేసరికి మగ్గం మీద నిలువుగా సాగే నూలు దారాల కొసలకు పట్టు పోగులను ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. రెండు కొసలూ కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క మెలి తిప్పితే అతుకు పడాలి. పట్టు జారుతుంది. మా ఎండల్లో, చెమట చేతుల్లో, ఇంకా జారుతుంది. అందుకని వేళ్ళకు బూడిద అద్దుకుంటారు. మా వీధిలో ఈ పని ఆడవాళ్ళది. అత్త అతికితే అతుకు ఎక్కడ ఉన్నదో వేలికి తగలదు.

ఆ బూడిద పిడకల బూడిద. ఇందులో దాచేందుకు ఏమీ లేదు. పేడ తెచ్చి, పిడకలు చేసి, గోడకు కొట్టి ఎండబెట్టి, కాల్చి, చల్లారాక పాత ధోవతి గుడ్డలో పోసి జల్లిస్తే పిండిలా రాలుతుంది. మా ఇంట్లో ఆ జల్లించే పని ఎవరిదో తెలుసా? మా అన్నది. బడి లేని రోజు పొద్దున్నే పెరట్లో కూర్చొని, మొహమంతా తెల్లగా అయి, ముక్కుల్లోకి బూడిద పోయి తుమ్ముతూ జల్లించేవాడు. అత్త చూసి, "శివుడొచ్చిండు, జర దండం పెట్టుండ్రి" అని ఆటపట్టిస్తే ఏడ్చి గుడ్డ విసిరికొట్టేవాడు. మళ్ళీ అత్తే బుజ్జగించి, బెల్లం ముక్క నోట్లో పెట్టి కూర్చోబెట్టేది.

నవలలో ఆ గుడ్డ లేదు. ఆ తుమ్ములు లేవు. బెల్లం ముక్క లేదు. అందులో ఉన్నది తలుపు సందులోంచి అత్తను జాలిగా చూసే పెద్ద కళ్ళ పిల్లవాడొకడు. పని ఎగ్గొట్టి తలుపు సందులో నిలబడితే మా ఇంట్లో వీపు విమానం మోత మోగేది. ఆ సంగతి రాయడానికి కూడా ఆయనకు చెయ్యి రాలేదు.

ఇక నవలలో బూడిద కథ వినండి. అందులో అత్త మొగుడు మంచివాడు. పెళ్ళామంటే ప్రాణం. కరువుకు పూణే పోయి, కట్టుబడి పనిలో గోడ కూలి చచ్చిపోతాడు. తోటి కూలీ ఒకడు అతని చితాభస్మం డబ్బాలో తెచ్చి ఇస్తాడు. కృష్ణలో కలపమంటే ఆమె కలపదు. మట్టికుండలో దాచుకుంటుంది. రోజూ అందులో వేళ్ళు అద్దుకొని, పెళ్ళికూతుళ్ళ చీరలకు కొంగులు అతుకుతుంది. తన మొగుడి బూడిదతోనే ఊరి ఆడపిల్లలందరి కొంగులూ ముడివేస్తున్నానని అనుకుంటుంది. చివరికి అమ్మవారి చీర కూడా ఆ బూడిదతోనే అతుకుతుంది.

చదవడానికి బాగుంటుంది. కాదనను. నేను తెలుగు పాఠం చెప్పేదాన్ని, బాగున్న వాక్యం కనబడితే నాకూ తెలుస్తుంది. కానీ ఆ మామ నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఇప్పటికీ పాన్‌డబ్బా నడుపుతున్నాడు. బతికున్న మనిషికి చితి పేర్చి, ఆ బూడిద తెచ్చి మా అత్త చేతికి పూశాడు మా అన్న.

అమ్మవారి చీర అన్నాను కదా, ఆ సంగతి చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. మా వీధిలో ఏటా జాతరకు ముందు అమ్మవారికి చీర నేస్తారు. వీధిపెద్ద ఇంట్లో ఒక మగ్గం కడిగి, పసుపు రాసి, దానికోసమే విడిగా ఉంచుతారు. ఎవరు నేసినా కొంగు అతికేది మాత్రం మా అత్త. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. అతికే రోజు పొద్దున వీధిపెద్ద ఇంటి ఆడవాళ్ళు వచ్చి, గడపలో ఆమెకు బొట్టు పెట్టి పిలుచుకుపోతారు.

మొగుణ్ని వదిలి వచ్చిన ఆడదానికి బొట్టు పెట్టి పిలవడమంటే ఏమిటో మా దగ్గరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, పనికీ పిలుస్తారు, పిండివంటలకు అయితే ముందే పిలుస్తారు. పెళ్ళికూతురికి పసుపు రాసే దగ్గర మాత్రం "జర పక్కకు జరుగమ్మ" అంటారు. ఆమె జరుగుతుంది. నవ్వుతూనే జరుగుతుంది. ఏడాదిలో ఆ ఒక్కరోజే ఎవరూ ఆమెను పక్కకు జరగమనరు. ఆ రోజుకు ఆమె తలస్నానం చేసి, ఎర్రంచు చీర కట్టుకొని, బూడిద డబ్బా తుడిచి ఒళ్ళో పెట్టుకొని గడపలో కూర్చుంటుంది. ఆ రోజు ఆమె మొహం చూడాలి.

ఆ రోజుకు ఎసరు పెట్టింది వనపర్తిలో జరిగిన సభ. నవల మీద మాట్లాడడానికి నలుగురు పెద్దలను పిలిచారు. నేను బడిలో ఒక పూట సెలవు పెట్టి పోయాను. వెనక కుర్చీలో కూర్చున్నాను. ఒక పెద్దాయన లేచి, ఆ చితాభస్మం పేజీ మొత్తం గొంతు వణికిస్తూ చదివాడు. ఇంతటి నిజం మన నేల మీద ఇంతవరకు ఎవరూ రాయలేదన్నాడు. నిజమట! చప్పట్లు మోగాయి. ఎవరో కుర్రవాడు లేచి, ఇది నిజంగా జరిగిందా సార్ అని అడిగాడు. పేపరువాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

మా అన్న తల దించుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు, ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం చొక్కా కొసతో బర్రున తుడిచేవాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ప్రతి అక్షరం మా ఇంట్లోదే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అరుద్దామనుకున్నాను. అప్పటికే శాలువాలు, దండలు, ఫోటోలు. ఆయన నన్ను చూసి చెయ్యి ఊపి, "మా చెల్లెలు" అని ఎవరికో చూపించాడు. నేను లేచి బస్టాండుకు వచ్చేశాను.

మర్నాడు ఆ మాట పేపర్లో వచ్చింది. ఆ సాయంత్రానికి బూడిద పేజీ ఫోటో మా వీధి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. నవల మొత్తం చదివినవాళ్ళు మా వీధిలో నేను తప్ప లేరు. ఆ ఒక్క పేజీ మాత్రం అందరూ చదివారు. చదువు రానివాళ్ళకు పిల్లలు చదివి వినిపించారు. అమ్మవారి చీర, శ్మశానం బూడిద, రాసింది ఇంటి పిల్లవాడు. ఇంకేం కావాలి?

కొంగు అతికే రోజు వచ్చింది. నేను బడికి సెలవు పెట్టాను. అత్త ఎప్పటిలాగే తలంటుకొని, ఎర్రంచు చీర కట్టుకొని గడపలో కూర్చుంది. ఫోనులో ఏం తిరిగిందో ఆమెకు తెలుసు. తెలిసీ కూర్చుంది. ఎండ గడప దాకా వచ్చింది, గడప దాటి లోపలికి వచ్చింది. వీధిపెద్ద ఇంటి ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకొని మా ఇంటి ముందు నుంచే నడిచి, నాలుగిళ్ళ అవతల ఉన్న ఒక కొత్త కోడలికి బొట్టు పెట్టి పిలుచుకుపోయారు. మా గడప వైపు చూడలేదు. అత్త లేచి లోపలికి పోయి చీర మార్చుకుంది. పప్పు పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు టీవీ పెట్టలేదు.

నేను ఊరుకోలేకపోయాను. వీధిపెద్ద ఇంటికి పోయాను. ఆయన నాన్నకు దోస్తు, చిన్నప్పటి నుంచీ నేను పెదనాయన అని పిలిచే మనిషి.

"ఏం పాపం చేసిందని పెదనాయనా? అది పిడకల బూడిద. మీ ఇంట్ల గూడ గదే గద వాడిండ్రు!"

"నాకెరుక లేదా బిడ్డా? బయటోడు రాస్తె పండ్లు రాలగొడుతుంటి. మీ అన్ననే రాసె."

"అది నవల. కత."

"కతైతె కత అని చెప్పకపాయెనా? పేపరోళ్ళు అడిగితె ప్రతి అక్షరం మా ఇంట్లదే అన్నడంట గద. ఇంటి పిలగాడు ఇంటి మీద అబద్ధం ఎందుకు చెప్తడు?"

ఆ మాట నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"మామ బతికే ఉన్నడు. సచ్చినోని బూడిద యాడికెల్లొస్తది?"

"బతికున్నడని నువ్వంటున్నవు. సచ్చిండని మీ అన్న అంటుండు. నలుగురి నోరు నేను మూయలేను. ఉంటె వచ్చి మా ముంగట నిలబడమను. అమ్మవారి పని బిడ్డా, నా చేతుల లేదు."

ఆయన చేతుల్లో లేదట. మరి ఎవరి చేతుల్లో ఉన్నట్టు? ఏటా మా అత్త చేతుల్లో ఉన్నదాన్ని ఎవరు లాక్కున్నట్టు? అదే అడిగాను. ఆయన చుట్ట వెలిగించుకొని, కొత్త కోడలు తొలి అతుకులు ఎట్లా వేస్తుందో చూడడానికి లోపలికి పోయాడు.

అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఒక్క మాట చెప్పు. ఆ బూడిద పిడకలదని, మామ బతికే ఉన్నడని. గ్రూపుల వాయిస్ పెట్టు, చాలు."

మా అన్న ఇప్పుడు ఫోన్లో కూడా పుస్తకాల తెలుగే మాట్లాడుతున్నాడు. "అది ప్రతీక. ప్రతీకను రచయితే విప్పి చెబితే రచన చచ్చిపోతుంది" అన్నాడు.

"రచన సంగతి కాదు, అత్త సంగతి అడుగుతున్న."

"అత్తను నేను అమరురాలిని చేశాను. నీకది అర్థం కావడానికి సమయం పడుతుంది."

ఫోన్ చెవి నుంచి తీసి దానివైపే చూశాను. అమరురాలిని చేయాలంటే ముందు చంపాలని ఈయనకు ఎవరు చెప్పారో! "ఆమెను గడపల కూసోబెట్టి పక్కింటికి బొట్టు పెట్టిండ్రు" అన్నాను. ఇప్పుడైనా సిగ్గుపడతాడనుకున్నాను. "ఎంత బలమైన దృశ్యం" అన్నాడు. నేను అన్న మాట ఇక్కడ రాయను. రాస్తే అచ్చువేయరు.

ఇక మిగిలింది మామ. మర్నాడు కూడా సెలవు పెట్టి నాగర్‌కర్నూల్ పోయాను. బస్టాండు దగ్గర ఆటోల వెనక పాన్‌డబ్బా. తల నెరిసింది కానీ మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, సోడా కొట్టి చేతికిచ్చాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అడిగాడు.

"నన్ను గూడ రాసిండంట గద మీ అన్న?"

"రాసిండు మామా. అందుకే వచ్చిన."

"పెండ్లాం మీద పానం పెట్టుకున్నోడని రాసిండంట. ఇగో గీ పక్క దుకాణం పంతులు సదివి చెప్పిండు." ఆయన మొహం వెలిగిపోతోంది. "మంచోడమ్మ మీ అన్న. ఎవ్వరు గట్ల రాస్తరు?"

జరిగిందంతా చెప్పాను. ఒక్క పూట గద్వాలకు వచ్చి, వీధిపెద్ద ముందు నిలబడి మొహం చూపించి పొమ్మన్నాను. ఏమీ మాట్లాడనక్కర లేదు, బతికి ఉన్నట్టు కనబడితే చాలన్నాను. ఆయన తమలపాకులు తుడుస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"ఇప్పుడొచ్చి బతికున్నా అంటె, ఆ పేరు పోతది గద బిడ్డా" అన్నాడు.

ఇంత బతుకు బతికి, పెళ్ళాం ముందే ఇంకొకామెను ఇంట్లోకి తెచ్చిన మనిషి, చచ్చిపోయి సంపాదించుకున్న మంచి పేరు పాడవుతుందని భయపడుతున్నాడు. సోడా అట్లాగే బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఒకడేమో చంపి పెద్దవాడయ్యాడు, ఒకడేమో చచ్చి మంచివాడయ్యాడు. ఈ ఇద్దరు మగవాళ్ళ గొప్పకు మధ్య మా అత్తకు మిగిలింది శ్మశానం బూడిద.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే అత్త కడుపు పట్టుకొని నవ్వింది. "సచ్చి మంచోడైండా! బతికి ఒక్కనాడు కాకపాయె!" అంది. కళ్ళు తుడుచుకొని మళ్ళీ నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత కంచాలు కడుగుతూ, నా దిక్కు తిరగకుండా, "నేను పొద్దుగాల కూరగాయలకు పోయినప్పుడు ఎవ్వరన్న వచ్చిండ్రా?" అని అడిగింది.

"ఎవరొస్తరత్తా?"

"ఎవ్వరన్న. బొట్టు పెట్టెతందుకు."

రాలేదన్నాను. ఆమె సరేనని కంచాలు బోర్లించింది. నాకు మా అన్న మీద అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మర్నాడు ఆదివారం, బడి లేదు. మధ్యాహ్నం పెరటి తలుపు ఎవరో మెల్లగా తట్టారు. కొంగు అతకడానికి పిలుచుకుపోయిన ఆ కొత్త కోడలు. చేతిలో ఖాళీ డబ్బా. మొహం ఏడ్చినట్టుంది.

"పెద్దమ్మా, జరంత బూడిద ఇస్తవా?"

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మా వీధిలో అందరివీ గ్యాస్ పొయ్యిలే. పిడకలు చేసేవాళ్ళు లేరు. అందరూ అవసరమైనప్పుడల్లా మా అత్త దగ్గర పిడికెడు అడిగి పట్టుకుపోతూ వచ్చారు. ఇప్పుడు అమ్మవారి చీరకు ఎవరో బొగ్గుల బూడిద తెచ్చి ఇస్తే పట్టు మీద నల్లటి మరకలు పడ్డాయట. పిల్లల పౌడరు అద్దుకుంటే మెలి నిలవలేదట. జాతర దగ్గరికొచ్చింది. ఆ పిల్లకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

నేను అత్త కంటే ముందే అందుకున్నాను. "శ్మశానం బూడిదమ్మా ఇది. అమ్మవారికి మైల గాదా? చెయ్యి పనికి రాలేదు గాని బూడిద పనికొచ్చిందా?"

ఆ పిల్ల తల వంచుకుంది. "నాకేం తెల్సు అక్కా. పొమ్మంటె వచ్చిన. ఎవ్వరు సూడకుంట ఎనక నుంచి పొమ్మన్నరు."

అత్త నన్ను పక్కకు జరిపింది. ఇచ్చేస్తుందనుకున్నాను. ఆమె అంతే, ఎవరేం అడిగినా ఇచ్చేసే మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, నీళ్ళు ఇచ్చి తాగమంది.

"పరేషాన్ గాకు బిడ్డా, నీ తప్పేం లేదు. పోయి మీ పెద్దాయనతోని చెప్పు. బూడిద కావాలంటె ఆయన్నే రమ్మను. ఎనక దర్వాజకెల్లి గాదు, ముంగటి దర్వాజకెల్లి."

పొద్దు వాలకముందే వీధిపెద్ద వచ్చాడు. మా గడప ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతిలో అదే ఖాళీ డబ్బా. ఎదురింటి అరుగు మీద మనుషులు, పక్కింటి కిటికీలో మనుషులు. అత్త బయటికి వచ్చింది. పాత చీరే, పసుపు మరకలతో ఉన్నది.

"చెల్లె, జరంత బూడిద ఇయ్యి. కొంగు ఆగిపోయింది."

"సచ్చినోని బూడిద ఎందుకన్నా అమ్మవారికి?"

ఆయన డబ్బాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇది దేని బూడిదనో నువ్వే చెప్పు" అంది అత్త. "నేను చెప్తె ఎవ్వరు ఇనలే. రాసినోడు చెప్పడాయె. నీకు ఎరుకున్నదే చెప్పు. అందరికి ఇనబడేటట్టు చెప్పు."

అంత గట్టిగా అడిగేసరికి ఆయనకు తప్పలేదు. "పిడకలది" అన్నాడు. గొంతు సవరించుకొని మళ్ళీ అన్నాడు. "పిడకల బూడిదే. నాకెరుకే."

ఎరుకట. ఇన్ని రోజులూ ఎరుకే. ఆ ఎరుక ఉన్న మనిషే ఆమెను గడపలో కూర్చోబెట్టాడు. నేను నోరు తెరవబోతే అత్త కళ్ళతోనే వద్దంది.

"ఇగ ఇయ్యి" అని ఆయన డబ్బా చాపాడు.

అత్త అందుకోలేదు. "బూడిద ఒక్కటే రాదన్నా. చేతులు గూడ వస్తయి. బొట్టు పెట్టి పిలిస్తె వస్త."

వీధి అంతా చూస్తోంది. ఆయన వెనక్కి తిరిగి, ఇంట్లోవాళ్ళను పిలుచుకురమ్మని ఎవరినో పంపాడు. కుంకుమ భరిణె పట్టుకొని ఆ కొత్త కోడలే పరుగున వచ్చింది. ఆ పిల్ల ముఖంలో కనబడిన సంతోషం ఇంకెవరి ముఖంలోనూ లేదు. అత్త ఆమెను ఆగమని లోపలికి పోయి, ఎర్రంచు చీర కట్టుకొని, బూడిద డబ్బా చంకన పెట్టుకొని వచ్చి గడపలో నిలబడింది. బొట్టు పెట్టించుకుంది. ఎప్పటికన్నా పెద్ద బొట్టు పెట్టమని అడిగింది.

ఆమె వీధిలోకి దిగి నడుస్తుంటే నా చేతిలో ఫోన్ మోగింది. అన్న. మామ పక్క దుకాణం పంతులు చెప్పాడట, గద్వాలలో ఏదో గొడవ నడుస్తోందని. వివరాలన్నీ కావాలన్నాడు. ఇది తాను రాయబోయే తర్వాతి నవలకు చాలా ముఖ్యమన్నాడు. ఒక్కసారి అత్తకు ఫోన్ ఇవ్వమన్నాడు.

"ఎవరు బిడ్డా?" అంది అత్త, నడక ఆపకుండానే.

"అన్న. నీతోని మాట్లాడుతడంట."

ఆమె వెనక్కి తిరగలేదు.

"సచ్చినోళ్ళు ఫోన్ ఎత్తరని చెప్పు."

నేను అదే మాట చెప్పి ఫోన్ పెట్టేశాను.